స్కాన్‌లో ఏమీ లేదంటే ఏమీ లేనట్టు కాదు

కాన్పుల ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన కథ ఒకటుంది. ఊరు మారుతుంది, మనిషి మారుతుంది, కథ మాత్రం పెద్దగా మారదు. ముప్పై దాటిన ఆవిడ, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుతోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. రెండు రోజులుగా పొత్తికడుపులో ఒక పక్క నొప్పి. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగింది. తగ్గకపోతే గ్యాస్ మాత్ర వేసుకుంది. మూడో రోజు పొద్దున్నే బాత్రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ వచ్చి, బీపీ తక్కువగా ఉందని సెలైన్ ఎక్కించాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి మొహం పాలిపోయి, చేతులు చల్లబడి ఉన్నాయి. "నెల తప్పిందా అమ్మా?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే పక్కనున్న అత్తగారు అందుకుంది: "ఆపరేషన్ అయిపోయిందండీ, ఆ ప్రశ్నే లేదు."

ఆ ప్రశ్నే ఉంది. మూత్రం నాలుగు చుక్కలు కిట్ మీద వేస్తే రెండు గీతలు వచ్చాయి. పొట్ట మీద స్కాన్ పెడితే గర్భసంచి ఖాళీ, దాని వెనకాల, పక్కన, పైన కాలేయం దాకా రక్తమే. గంటలోపు ఆమె ఆపరేషన్ థియేటర్లో ఉండాలి.

గర్భం గర్భసంచి లోపల కాకుండా వేరే చోట నాటుకుంటే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు. ప్రతి వంద గర్భాల్లో ఒకటి రెండు ఇలా అవుతాయి. వాటిలో తొంభై శాతానికి పైగా అండాశయం వైపు నుంచి గర్భసంచికి వచ్చే సన్నటి గొట్టాల్లో, అంటే ట్యూబుల్లోనే ఆగిపోతాయి కాబట్టి మామూలు మాటల్లో "ట్యూబ్ ప్రెగ్నెన్సీ" అనేస్తున్నాం. మిగతావి అండాశయంలో, గర్భసంచి ముఖద్వారంలో, పాత సిజేరియన్ మచ్చలో, చాలా అరుదుగా పొట్టలో పేగుల మధ్య. గర్భం మొదటి మూడు నెలల్లో తల్లి ప్రాణం తీసే కారణాల్లో దీనిది ముందు వరస. అయినా ఇది తెలిసిన జబ్బే, మందుంది, ఆపరేషన్ ఉంది, సమయానికి పట్టుకుంటే ప్రాణానికి ఢోకా లేదు. ఇబ్బందల్లా పట్టుకోవడంలోనే. అక్కడ అడ్డం పడేది చాలాసార్లు యంత్రాలు లేకపోవడం కాదు, "అయ్యుండదులే" అన్న నమ్మకం.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతే తీసుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. తెలంగాణలో 60 శాతం పైనే. ఆ ఆపరేషన్ మంచిదే, వందలో తొంభై ఎనిమిది మందికి పైగా పక్కాగా పనిచేస్తుంది. కానీ కట్టిన ట్యూబు ఎప్పుడో ఒకసారి సన్నటి దారి చేసుకుంటుంది. వీర్యకణం ఆ సందులోంచి దూరగలదు. దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన పిండం వెనక్కి రాలేదు. అమెరికాలో ట్యూబెక్టమీ, అంటే ఇదే ఆపరేషన్ చేయించుకున్న పది వేలమందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించి చూస్తే, ఆపరేషన్ తర్వాత వచ్చిన గర్భాల్లో మూడోవంతు గర్భసంచి బయటే ఉన్నాయి. అంటే ఆపరేషన్ అయినవాళ్లకు గర్భం రావడం అరుదు. వస్తే మాత్రం అది చోటు తప్పినదయ్యే అవకాశం మామూలువాళ్ల కంటే చాలా ఎక్కువ. అత్తగారు చెప్పిన మాట డాక్టర్ అనుమానాన్ని తగ్గించకూడదు, పెంచాలి.

ట్యూబులో ఏం జరుగుతుంది

అండం, వీర్యకణం కలిసేదే ట్యూబులో. ఇది చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. గర్భం అందరికీ ట్యూబులోనే మొదలవుతుంది, తర్వాత మూడు నాలుగు రోజుల్లో గర్భసంచిలోకి దిగుతుంది. ట్యూబు లోపలి గోడకు సన్నటి నూగు లాంటివి ఉంటాయి, అవి ఒకే దిక్కుకు ఊగుతూ పిండాన్ని నెట్టుకొస్తాయి. ఎప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్ వల్ల ఆ నూగు రాలిపోయినా, లోపల అతుకులు పడ్డా ప్రయాణం మధ్యలో ఆగుతుంది. మన దేశంలో ఇన్ఫెక్షన్ల జాబితాలో క్షయను మర్చిపోకూడదు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేకుండానే ట్యూబులను పాడుచేసే టీబీ ఇక్కడ మామూలే. పాత ఎక్టోపిక్, ట్యూబుల మీద ఏదైనా సర్జరీ, కట్టిన ట్యూబును మళ్లీ కలిపించుకోవడం, ఐవీఎఫ్, పొగతాగడం, ముప్పై ఐదు దాటిన వయసు, ఇవన్నీ అవకాశాన్ని పెంచేవే. ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఎక్టోపిక్ వచ్చినవాళ్లలో సగం మందికి వీటిలో ఒక్కటీ ఉండదు. అందుకే "నాకెందుకొచ్చింది" అని తవ్వుకుంటూ కూర్చుంటే చాలాసార్లు జవాబు దొరకదు. బరువులెత్తడం వల్లో, బండి మీద తిరగడం వల్లో మాత్రం రాదు.

గర్భసంచి గోడ మందంగా ఉంటుంది, నెలనెలా పిండం కోసమే మెత్తటి పొర పరుచుకుని సిద్ధంగా ఉంటుంది. ట్యూబుకు అలాంటి ఏర్పాటు లేదు. పొలంలో పడాల్సిన గింజ కాలవ గట్టు మీద పడి మొలిచినట్టే. మొలవడం మొలుస్తుంది. వేళ్లు మాత్రం నీళ్లు వెతుక్కుంటూ గట్టును తొలిచేస్తాయి. మావి కణాల స్వభావం అదే, రక్తనాళాలను వెతుక్కుంటూ గోడలోకి చొచ్చుకుపోతాయి. సన్నటి ట్యూబు గోడ లోపల్లోపలే రక్తం చిమ్మి ఉబ్బుతుంది. కొన్నిసార్లు గర్భం ట్యూబు చివరనుంచి పొట్టలోకి జారిపోయి తనంతట తానే ముగుస్తుంది. కొన్నిసార్లు ట్యూబు పగులుతుంది.

ఎప్పుడు పగులుతుందన్నది ఎక్కడ నాటుకుందన్న దాన్ని బట్టి. ఇరుకు భాగంలో ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే. వెడల్పు భాగంలో ఉంటే ఇంకొంచెం సాగుతుంది. అన్నిటికంటే మోసం చేసేది ట్యూబు గర్భసంచి కండలోంచి వెళ్లే మూల దగ్గర నాటుకున్నది. అక్కడ కండ ఉంటుంది కాబట్టి పది, పన్నెండు వారాల దాకా చప్పుడు చేయకుండా పెరుగుతుంది. రెండు పెద్ద రక్తనాళాల కొమ్మలు కలిసే చోటు కాబట్టి పగిలినప్పుడు రక్తం వరదలా పోతుంది.

ఇక్కడ ఇంట్లోవాళ్లు కన్నీళ్లతో అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ బిడ్డను తీసి గర్భసంచిలో పెట్టలేరా అని. లేదు. వేరు తెగిన మొక్కను ఇంకోచోట నాటినట్టు మావిని మళ్లీ అతికించే విద్య ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. ట్యూబులో ఉన్న గర్భం నెలలు నిండే ప్రసక్తి లేదు. ఇది కఠినమైన మాటే. సూటిగా చెప్పకపోతే "ఇంకో రెండు వారాలు చూద్దాం" అనే ఆలోచన ఇంట్లో మొదలవుతుంది, ఆ రెండు వారాల్లోనే ట్యూబు పగులుతుంది.

ఒళ్లు ఇచ్చే సూచనలు

పుస్తకాల్లో మూడు రాస్తారు. నెల తప్పడం, పొత్తికడుపులో నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనబడటం. నిజ జీవితంలో ఈ మూడూ ఒకేసారి వరసగా వచ్చి నిలబడవు. నెల తప్పినట్టే అనిపించదు, ఎందుకంటే సుమారు ఆ రోజులకే కాస్త ముదురు రంగు స్పాటింగ్ వస్తుంది, ఆవిడ దాన్ని బహిష్టు అనుకుంటుంది. "ఈసారి సరిగా కాలేదు" అనే మాట వినబడితే డాక్టర్ చెవి నిక్కబొడుచుకోవాలి.

భుజం నొప్పి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ కడుపుతో కలిపి చూడరు. పొట్టలో కారిన రక్తం, మనిషి పడుకున్నప్పుడు పైకి పాకి, ఊపిరితిత్తులకూ పొట్టకూ మధ్య ఉండే పొరను తాకుతుంది. ఆ పొరకు నరం మెడ నుంచి వస్తుంది, భుజానికి స్పర్శ ఇచ్చే నరాలూ అక్కడివే. మెదడు ఆ కబురును పొట్ట నుంచి వచ్చినట్టు కాక భుజం నుంచి వచ్చినట్టు చదువుకుంటుంది. నెల తప్పిన మనిషి, పడుకుంటే భుజం కొసన నొప్పి అంటోందంటే మూవ్ రాయకండి, బండి పిలవండి. అలాగే అస్తమానం మలవిసర్జనకు వెళ్లాలనిపించడం. గర్భసంచి వెనక గుంటలో రక్తం చేరి పెద్దపేగును నొక్కుతుంది. విరేచనాల మందు ఇచ్చి పంపించేసిన కేసులు ఇలాంటివే.

ఇంకో మోసం ఉంది. వయసులో ఉన్న ఆడమనిషి శరీరం రక్తం పోతున్నా చాలాసేపు తట్టుకుంటుంది. నాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుకుంటుంది, బీపీ దాదాపు మామూలుగానే చూపిస్తుంది. ఒంట్లో రక్తం మూడోవంతు దాకా పోయాక ఒక్కసారిగా పడిపోతుంది. అంతకుముందు చేసిన హిమోగ్లోబిన్ పరీక్ష కూడా బాగానే ఉన్నట్టు చెబుతుంది, ఎందుకంటే మిగిలిన రక్తం ఇంకా పల్చబడలేదు. అందుకని "బీపీ బానే ఉంది, హెచ్‌బీ పది ఉంది" అన్న ధైర్యం పనికిరాదు. నాడి వేగం, మొహం రంగు, లేచి కూర్చోగానే కళ్లు తిరగడం, వీటిని నమ్మడం మేలు.

నా మటుకు నాకు ఒక్క నియమం చాలు. బహిష్టు ఆగని వయసులో ఉన్న ఏ మహిళైనా పొత్తికడుపు నొప్పి అన్నా, కళ్లు తిరిగాయన్నా, పెళ్లయిందా కాలేదా, ఆపరేషన్ అయిందా, కాపర్ టీ ఉందా అన్న విచారణంతా తర్వాత. ముందు ప్రెగ్నెన్సీ కిట్. మందుల షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది, ఆశా కార్యకర్త దగ్గర "నిశ్చయ్" పేరుతో ఉచితంగా ఉంటుంది. పెళ్లికాని అమ్మాయి దగ్గర ఈ మాట ఎలా ఎత్తాలా అని మొహమాటపడటం మన దగ్గర మామూలు. అమ్మానాన్నల్ని బయట కూర్చోబెట్టి అడిగితే సరిపోతుంది. మొహమాటానికి అంత ఖరీదు కట్టక్కర్లేదు.

ఉందా లేదా కాదు, ఎక్కడుంది

కిట్ పాజిటివ్ వచ్చాక ప్రశ్న మారిపోతుంది. గర్భం ఉందా అన్నది తేలిపోయింది, ఇక ఎక్కడుందో తేలాలి. ఆ పని స్కాన్‌ది.

ఆడవాళ్ల కడుపులోకి శబ్ద తరంగాలు పంపి చూసే పద్ధతికి బాట వేసిన పెద్దమనిషి గ్లాస్గోలో కాన్పుల వైద్యం ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్. ఇనుములో కంటికి కనబడని పగుళ్లను పట్టే ఫ్యాక్టరీ యంత్రాన్ని తీసుకొచ్చి, ఇంజినీర్ టామ్ బ్రౌన్ సాయంతో, ఆడవాళ్ల కడుపులో గడ్డల మీద ప్రయత్నించాడు. 1958లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఎక్టోపిక్ విషయంలో అసలు మలుపు మాత్రం 1980లలో వచ్చింది, యోని మార్గం నుంచి చేసే స్కాన్‌తో. మనవాళ్లు "లోపలి స్కాన్" అంటారు, డాక్టర్లు టీవీఎస్ అంటారు. ఇందులో ప్రోబు, అంటే తరంగాలు పంపే కడ్డీ లాంటి పరికరం, గర్భసంచికి, ట్యూబులకు చాలా దగ్గరగా వెళ్తుంది కాబట్టి బొమ్మ స్పష్టంగా వస్తుంది. పొట్ట మీద స్కాన్‌కు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి, దీనికి మూత్రం పోసుకుని రావాలి. చాలామంది బిడియపడతారు, భయపడతారు. లోపల ఉన్న గర్భానికి దీనివల్ల ఏమీ కాదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. ఆడ డాక్టర్‌ను గానీ, పక్కన నర్సు ఉండాలని గానీ అడిగే హక్కు మీకుంది.

లోపలి స్కాన్‌లో సుమారు ఐదు వారాలకు గర్భసంచిలో చిన్న నల్లటి తిత్తి కనిపిస్తుంది. ఐదున్నరకు దానిలో ఉంగరం లాంటి యోక్ శాక్, అంటే పిండానికి తోడుగా ఉండే చిన్న సంచి. ఆరు దాటుతుంటే గుండె చప్పుడు. యోక్ శాక్ గర్భసంచి లోపల కనబడిందంటే ఇక ఊపిరి పీల్చుకోవచ్చు, గర్భం సరైన చోటే ఉంది. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లకు ఈ హామీ పూర్తిగా వర్తించదు. వాళ్లలో గర్భసంచిలో ఒకటి, ట్యూబులో ఇంకొకటి ఉండే అవకాశం మామూలువాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ట్యూబులో ఉన్నప్పుడు కనిపించేవి రకరకాలు. అండాశయానికీ గర్భసంచికీ మధ్య తెల్లటి అంచుతో గారె ఆకారం. లేదా ఆకారం తెలియని గడ్డ. ప్రోబుతో మెల్లగా నొక్కితే ఆ గడ్డ అండాశయంతో పాటు కదులుతోందా, విడిగా జారుతోందా అని చూస్తారు. విడిగా జారితే ట్యూబుదనే అనుమానం బలపడుతుంది, కలిసి కదిలితే అది అండం విడుదలైన చోట ఏర్పడే మామూలు తిత్తి కావచ్చు. ఈ నొక్కి చూడటం కాగితం మీద రాయని నేర్పు. రిపోర్టులో ఒక్క వాక్యంగా కనిపించేదానికి వెనక ఐదు నిమిషాల ఓపిక ఉంటుంది. ఆఖరున గర్భసంచి వెనక గుంటలో, కాలేయం కింద ద్రవం ఉందేమో చూడాలి. కాలేయం దాకా ఉందంటే ఇక స్కానింగ్ గదిలో సమయం వృథా చేయకూడదు.

ఇక చిక్కంతా ఇక్కడుంది. కిట్ పాజిటివ్, స్కాన్‌లో గర్భసంచి ఖాళీ, ట్యూబుల దగ్గర కూడా ఏమీ లేదు. అప్పుడు మూడు వీలున్నాయి. గర్భం మరీ లేతది, ఇంకా కనబడే వయసు రాలేదు. లేదా అబార్షన్ అయిపోయింది. లేదా ట్యూబులో ఉంది, ఇంకా దొరకలేదు. డాక్టర్ రిపోర్టులో "గర్భం ఎక్కడుందో తెలియలేదు" అనే అర్థం వచ్చేలా రాస్తారు. ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్లు "ఏమీ లేదట" అని చదువుకుంటారు. ఆ రెండు మాటల మధ్య తేడాలో ప్రాణాలు పోతున్నాయి.

ఇక్కడ రక్తపరీక్ష ఆదుకుంటుంది. గర్భం వచ్చాక రక్తంలో పెరిగే బీటా హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను విడిగా, కచ్చితంగా కొలిచే పద్ధతిని 1972లో అమెరికాలో జూడిత్ వైటుకైటిస్ బృందం తెచ్చింది. ఒక్కసారి చేయిస్తే వచ్చిన అంకెతో పెద్దగా తేలదు, నలభై ఎనిమిది గంటల తేడాతో రెండుసార్లు చేయించాలి. మొదటి రోజు 800 ఉందనుకోండి. గర్భం సరిగా పెరుగుతుంటే రెండు రోజులకు కనీసం 1200 దగ్గరకు రావాలి. 950 దగ్గరే నత్తనడక నడుస్తుంటే అనుమానం. 300కు పడిపోతే గర్భం ముగుస్తోందని అర్థం, అయినా సున్నా అయ్యేదాకా వదలకూడదు. ఇదీ అచ్చుగుద్దినట్టు జరగదు. ట్యూబు గర్భాల్లో ఐదింట ఒకటి మామూలు గర్భంలాగే పెరిగి మస్కా కొడుతుంది. అందుకే అంకెను, స్కాన్‌ను, మనిషిని, మూడింటినీ కలిపి చదవాలి.

తొందరపాటుకూ ఇంకో వైపు ఉంది. మనిషి నిలకడగా ఉన్నప్పుడు, ఒక్క స్కాన్‌లో కనబడలేదని ఎక్టోపిక్ అని తేల్చేసి మందు ఇచ్చేస్తే, ఆరు రోజుల తర్వాత కనబడాల్సిన ఆరోగ్యమైన గర్భం పోతుంది. అలా జరిగాయి కూడా. నొప్పి లేదు, నాడి బాగుంది, పొట్టలో ద్రవం లేదు అంటే రెండు రోజులు ఆగి చూడటం నిర్లక్ష్యం కాదు. ఆ రెండు రోజులూ ఆసుపత్రికి అరగంట దూరంలో ఉండాలి, ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు.

అబార్షన్ మాత్రల సంగతి కూడా ఈ వరసలోదే. డాక్టర్‌ను కలవకుండా, స్కాన్ లేకుండా మందుల షాపులో కిట్ కొని వేసుకోవడం మన దగ్గర ఎంత మామూలో అందరికీ తెలుసు. ఆ మాత్రలు గర్భసంచి మీద పనిచేస్తాయి. ట్యూబులో ఉన్నదాన్ని ఏమీ చేయవు. మాత్ర వేసుకున్నాక రక్తం పోతుంది, ఎందుకంటే గర్భసంచి తన పొరను వదిలేస్తుంది. "అయిపోయింది" అనుకుంటారు. తర్వాత వచ్చే నొప్పిని కూడా మాత్ర ఖాతాలోనే వేస్తారు.

ఒక చిన్న పక్కమాట. గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాలి. స్కాన్ ఎందుకు చేస్తున్నారో చెప్పే ఆ ఫారంలోని కారణాల జాబితాలో మొట్టమొదటిది గర్భం లోపలుందా, బయటుందా తేల్చుకోవడమే. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు చేసే స్కాన్‌కు చట్టం అడ్డు కాదు. ఆధార్ కార్డు కోసం ఇంటికి మనిషిని పంపే లోపు పేషెంట్ చేయి దాటిపోకుండా చూసుకోవాలంతే.

భీమవరం నుంచి వచ్చిన మందు

ట్యూబు పగలకముందే, గర్భం చిన్నగా ఉన్నప్పుడే దొరికితే కోత లేకుండా సూదిమందుతో కరిగించవచ్చు. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. దీని వెనక ఒక తెలుగువాడున్నాడు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేశారు. ఆయన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అలాంటప్పుడు దానిలాగే కనిపించి దాని పని మాత్రం చెయ్యని పదార్థం ఇస్తే, వేగంగా పెరిగే కణాలు మోసపోయి ఆగిపోవాలి కదా. ఆ ఆలోచనతో వచ్చినవే అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. 1948లో అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వీటిలో మొదటిదానితో పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలం నిలువరించి చూపించాడు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో పోయారు. 1956లో అమెరికాలోనే మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు మెథోట్రెక్సేట్‌తో మావి కణాల నుంచి పుట్టే ఒక క్యాన్సర్‌ను లొంగదీశారు. మావి కణాల మీద ఇంత బాగా పనిచేసే మందు ట్యూబులో చిక్కుకున్న మావి మీద ఎందుకు పనిచేయదు? 1982లో జపాన్ డాక్టర్లు ఆ పని చేసి చూపించారు.

గర్భిణికి మొదటి రోజునుంచే రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర, చోటు తప్పిన గర్భాన్ని ఆపే ఈ ఇంజెక్షన్, రెండూ ఒకే ప్రయోగశాల గడప దాటి వచ్చినవి. అందుకే ఈ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు ఆ మాత్ర వెంటనే ఆపేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు "బలానికి" అని మళ్లీ మొదలుపెడితే మందు పనిచేయదు.

ఎవరికి ఇస్తారన్నదానికి గట్టి హద్దులున్నాయి. మనిషి నిలకడగా ఉండాలి, ట్యూబు పగిలి ఉండకూడదు, గడ్డ సుమారు మూడున్నర సెంటీమీటర్లలోపు ఉండాలి, అందులో గుండె చప్పుడు లేకపోవాలి, హెచ్‌సీజీ 5000 దాటకూడదు, తక్కువ ఉన్నకొద్దీ మంచిది. కాలేయం, కిడ్నీలు, రక్తకణాలు బాగున్నాయో లేదో ముందే చూడాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, అది ల్యాబులో తేలదు. మళ్లీ రాగలదా? నాలుగో రోజు, ఏడో రోజు, తర్వాత వారం వారం, అంకె సున్నా అయ్యేదాకా. నాలుగుకూ ఏడుకూ మధ్య కనీసం 15 శాతం తగ్గాలి, లేకపోతే రెండో డోసో, ఆపరేషనో. పెద్దాసుపత్రికి ఎనభై కిలోమీటర్ల దూరంలో, సాయంత్రం ఆరు దాటితే బస్సు లేని ఊరివాళ్లకు ఈ ఇంజెక్షన్ కంటే ఆపరేషనే నయమని డాక్టర్ అంటే డబ్బు కోసమనుకోకండి. మందు వేసుకున్నాక మూడు నుంచి ఏడు రోజుల మధ్య నొప్పి రావడం మామూలే, అది మందు పనిచేస్తున్న నొప్పో, ట్యూబు పగిలిన నొప్పో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం.

కోత తప్పనప్పుడు

1881లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ అనే పేరుమోసిన సర్జన్‌ను ఒక స్థానిక డాక్టర్ పిలిపించాడు. ట్యూబు పగిలిన కేసు, పొట్ట తెరిచి ట్యూబు తీసేద్దామని ఆ డాక్టర్ సలహా. టెయిట్‌కు ధైర్యం చాల్లేదు. ఆమె చనిపోయింది. తర్వాత శవపరీక్షలో చూస్తే ఒక్క ముడి వేసి ఉంటే రక్తం ఆగిపోయేదని ఆయనకు అర్థమైంది. 1883లో మొదటిసారి ఆ ఆపరేషన్ చేశాడు, పేషెంట్ దక్కలేదు. అదే ఏడాది మళ్లీ చేశాడు, ఆమె బతికింది. ఈ ఆపరేషన్ సారం ఇప్పటికీ అదే. రక్తం కారే చోటు పట్టుకో, కట్టు, తీసెయ్.

ఇప్పుడు ఎక్కువగా ల్యాపరోస్కోపీతో చేస్తున్నారు. మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర సెంటీమీటరు రంధ్రంలోంచి కెమెరా, పక్కన రెండు మూడు చిన్న రంధ్రాలు. తెర మీద మొదట కనబడేది నల్లగా గడ్డకట్టిన రక్తం, దాన్ని పీల్చేస్తే వెనక బొటనవేలంత ఉబ్బిన నీలిరంగు ట్యూబు. ట్యూబును పట్టి ఉంచే పొరలో నాళాలను కరెంటుతో మూసి, కత్తిరించి, సంచిలో పెట్టి బయటకు తీస్తారు. బీపీ పడిపోయి మనిషి చేయి దాటుతోందంటే పెద్ద కోతే దారి, కోత చిన్నదా పెద్దదా అన్న బేరం అప్పుడు పెట్టకూడదు. ఈలోపు మత్తు డాక్టర్ రక్తం ఎక్కిస్తూ ఉంటారు. ఓ పక్క "రక్తం ఎక్కించి బీపీ పెరిగాక ఆపరేషన్" అంటే కుదరదు, కుళాయి కట్టేయకుండా నేల తుడిచినట్టు ఉంటుంది. రెండూ కలిసి నడవాలి. ఆమెది నెగటివ్ గ్రూపు రక్తమైతే తర్వాతి గర్భాలకు చిక్కు రాకుండా ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ మర్చిపోకూడదు.

ట్యూబు మొత్తం తీసేయాలా, చీల్చి గర్భాన్ని మాత్రం తీసి ట్యూబు ఉంచాలా? అవతలి ట్యూబు బాగున్నవాళ్లలో ఈ రెండు పద్ధతులనూ యూరప్‌లో పోల్చి చూశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. మూడేళ్లలో మామూలుగా గర్భం నిలిచింది ట్యూబు ఉంచినవాళ్లలో 61 శాతం మందికి, తీసేసినవాళ్లలో 56 శాతం మందికి. గణితపరంగా అది చెప్పుకోదగ్గ తేడా కాదు. ట్యూబు ఉంచినవాళ్లలో 7 శాతం మందికి మావి ముక్కలు లోపల మిగిలిపోయి మళ్లీ చికిత్స కావాల్సివచ్చింది. కాబట్టి అవతలి ట్యూబు బాగుంటే తీసేయడమే తేలిక. అవతలిది లేకపోయినా, పాడైనా అప్పుడు ఉంచే ప్రయత్నానికి అర్థం ఉంటుంది. ఒక ట్యూబు పోతే పిల్లలు పుట్టే అవకాశం సగమైపోదు. ఎడమవైపు విడుదలైన అండాన్ని కుడి ట్యూబు కూడా అందుకోగలదు.

పాత సిజేరియన్ మచ్చలో నాటుకునే గర్భం వేరే తరహా. రెండు వేల గర్భాల్లో ఒకటి అంటారు. పైన చెప్పిన 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైనే, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లే, దేశం మొత్తం మీద చూస్తే 21 శాతం చిల్లర. మచ్చలు ఎక్కువైన చోట ఈ కేసులు కూడా ఎక్కువే చూడాల్సివస్తుంది. స్కాన్‌లో తిత్తి గర్భసంచిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, కాకపోతే బాగా కిందకు, మూత్రాశయం వైపు, మధ్యలో కండ కాగితంలా పల్చగా. దీన్ని జారిపోతున్న అబార్షన్ అనుకుని మామూలు డీ అండ్ సీ (గర్భసంచి లోపలిని గీకి శుభ్రం చేయడం) చేస్తే రక్తం ఆగదు. సిజేరియన్ అయినవాళ్లు తర్వాతి గర్భంలో ఆరు, ఏడు వారాలకే స్కాన్ చేయించుకుని "మచ్చకు ఎంత దూరంలో ఉంది?" అని అడగడం మంచిది.

ఒకసారి ఎక్టోపిక్ అయినవాళ్లకు మళ్లీ అయ్యే అవకాశం పదింట ఒకటి. మిగతా తొమ్మిది గర్భాలు సరైన చోటే నిలుస్తాయి. ఇంజెక్షన్‌తో తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగి ప్రయత్నించాలి. ఈసారి నెల తప్పిన వారంలోనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి, ఆరో వారానికి లోపలి స్కాన్. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. ఏ వైపు ట్యూబు తీశారో, రెండోది ఎలా ఉందో అందులో రాసి ఉంటుంది. రాసి లేకపోతే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే రోజే, కాగితం చేతిలో పెట్టినప్పుడే, నిలబడి రాయించుకోండి.